రెండో బెల్లు

పంతులమ్మ గది బెల్లు మోగేసరికి ఆయా అప్పుడే టీ గ్లాసు నోటిదాకా తెచ్చుకుంది. అలవాటు కొద్దీ, "వస్తున్నా, కొంపలేం మునిగిపోవు" అని గొణిగింది కూడా. గొణిగాక గానీ గుర్తు రాలేదు, పంతులమ్మ పోయిందని, ఆ గది ఖాళీగా ఉందని.

గ్లాసు అక్కడే ఆగిపోయింది. వంటగది గుమ్మం పక్కన గోడకి బెల్లుల బోర్డు ఉంటుంది. గదికో చిన్న దీపం. మంచం పక్కన వేలాడే మీట ఎవరు నొక్కితే వాళ్ళ దీపం వెలుగుతుంది, దాంతోపాటు గుర్రుమని ఒక మోత. పంతులమ్మ దీపం ఎర్రగా వెలిగి, ఆయా చూస్తుండగానే ఆరిపోయింది.

పొయ్యి తుడుస్తున్న వంటావిడ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది.

"అక్కా, ఆ గదిలో ఎవరున్నారు?"

"ఎవరుంటారే? పరుపు కూడా ఎండలో వేసి తెచ్చాంగా."

"మరి నొక్కిందెవరు?"

నొక్కిందెవరన్నది ఒకెత్తు. ఎన్నిసార్లు నొక్కారన్నది ఇంకో ఎత్తు. రెండోసారి మోగుతుందేమోనని చెవులు రిక్కించి చూసింది. మోగలేదు. ఒక్కటే.

ఆ వృద్ధాశ్రమంలో ఒక పద్ధతుంది. ఆశ్రమం నడిపే మేడమ్ చెప్పింది కాదు, ఎక్కడా రాసి తగిలించిందీ కాదు. ముందున్న ఆయాలు వెనకొచ్చిన ఆయాలకి నేర్పి పోయింది. మొదటి బెల్లుకి లేవకూడదు. లేచామా, పెద్దవాళ్ళు నెత్తికెక్కుతారు. దుప్పటి జారిందని ఒకరు, బయట వాన పడుతోందా అని ఒకరు, ఊరికే నువ్వున్నావో లేదో చూద్దామని ఒకరు. నిజంగా అవసరమైన వాళ్ళు రెండోసారి కొడతారు. అప్పుడు లేస్తే చాలు. పగలంతా ఒక్క మనిషి ఇంటినిండా ఉన్న మంచాల చుట్టూ తిరగాలంటే, ఇలాంటి పద్ధతేదో ఒకటి లేకపోతే ఆ మనిషి కూడా ఓ మంచం ఎక్కాల్సిందే. ఆయా తరఫున చెప్పాల్సిన మాట గనక ముందే చెప్పేస్తున్నాం.

పంతులమ్మకి ఆ పద్ధతి బాగా తెలుసు. బడిలో పిల్లల్ని ఆడించిన మనిషి, ఆయాలు ఆమెకో లెక్కా! ఒక బెల్లు కొట్టి, ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి, రెండోది కొట్టేది. రెండోది మొదటిదానికన్నా పొడుగు. ఆ మోతకి టీవీ ముందు కునికే వాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళు.

పోయిన రోజు మాత్రం ఒక్కటే కొట్టింది.

ఆ మధ్యాహ్నం వంటావిడ బజారుకెళ్ళింది. ఆయా ఒక్కతే ఇదే స్టూలు మీద ఇలాగే కాళ్ళు చాపుకుని కూర్చుంది. పొద్దుట్నించీ పక్కబట్టలు మార్చి, వీపులు తుడిచి, ఒకరిని లేపి, ఒకరిని దించి నడుం పట్టేసింది. బెల్లు మోగింది. రెండోది కొట్టనీ, లేద్దాం అనుకుంది. రెండోది రాలేదు. నిద్రలో చెయ్యి తగిలిందేమోలే అనుకుని టీ తాగేసింది. గ్లాసు కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని తీరిగ్గా వెళ్ళి చూసేసరికి పంతులమ్మ మంచం అంచుకి ఒరిగిపోయి ఉంది. మీట చేతిలోనే ఉంది. కళ్ళు తలుపు వైపున్నాయి.

ఆయా ముందు మీట తీసి మంచం చువ్వకి తగిలించింది. తర్వాత కళ్ళు మూసింది. మనిషిని సరిగ్గా పడుకోబెట్టి, దిండు సర్ది, దుప్పటి గడ్డం దాకా కప్పింది. అప్పుడు వెళ్ళి మేడమ్‌ని పిలిచింది. "నిద్రలోనే పోయినట్టున్నారు మేడమ్" అంది. అందరూ అదృష్టవంతురాలన్నారు.

అదీ సంగతి. అందుకే ఇప్పుడు బోర్డు మీద దీపం వెలిగి ఆరితే, వంటావిడకి వేసింది మామూలు భయం. ఆయాకి వేసింది వేరే.

"పద చూద్దాం" అంది ఆయా. పదమంటే వెంటనే కదిలారని కాదు. నువ్వు ముందంటే నువ్వు ముందని గుమ్మంలో కాసేపు తగువైంది. వంటావిడ గోడకున్న పెద్ద గరిటె తీసి చేతపట్టుకుంది.

"దాంతో ఏం చేస్తావే? వడ్డిస్తావా?"

"చేతిలో ఏదో ఒకటి ఉంటే ధైర్యంగా ఉంటుంది, నడువక్కా."

నడవా పొడుగునా పెద్దవాళ్ళు పట్టుకుని నడవడానికి గోడకి కర్రబద్ద బిగించి ఉంటుంది. ఎప్పుడూ దాని వంక చూడని ఆయా ఆ రోజు దాన్ని పట్టుకుని నడిచింది. పంతులమ్మ గది తలుపు తోసింది. చుట్టచుట్టిన పరుపు. ఉత్త మంచం. మూసిన కిటికీ. ఫినాయిల్ వాసన. ఫ్యాను తిరగడం లేదు, గాలి లేదు. మంచం చువ్వకున్న మీట మాత్రం దాని తీగ మీద సన్నగా ఊగుతోంది.

వంటావిడ కెవ్వుమంది. గరిటె కింద పడింది. ఆ చప్పుడుకి ఆయా పైప్రాణాలు పైనే పోయాయి.

ఇద్దరూ పక్క గదిలోకి పరుగెత్తారు. ఎందుకంటే ఆ గదిలో బంగారుతల్లి ఉంటుంది. అసలు పేరు మేడమ్‌కి తెలుసుగానీ, ఇంట్లో అందరూ పిలిచేది బంగారుతల్లి అనే. ఆ పేరు పెట్టింది ఆయానే. వచ్చి ఏడాది కావస్తోంది, ఒక్కనాడు బెల్లు కొట్టలేదు. పగలూ కొట్టదు, రాత్రి ఆయా ఉన్నప్పుడూ కొట్టదు. తుంటి విరిగి అతికిన మనిషి, ఆయా చెయ్యి పట్టుకోకుండా మంచం దిగకూడదని మేడమ్ హుకుం. అయినా సరే, ఆయా తీసుకెళ్ళినప్పుడే బాత్‌రూముకి వెళ్ళడం, పెట్టినప్పుడే తినడం. హాల్లో అందర్నీ కూర్చోబెట్టినప్పుడు ఆయా ఆమె భుజాల మీద చేతులు వేసి, "చూడండి, ఈ మామ్మగార్ని చూసి నేర్చుకోండి. ఒక్కసారైనా బెల్లు కొట్టి ఎరుగుదురా?" అని మురిసిపోయేది. బంగారుతల్లి తల దించుకుని చిన్నగా నవ్వేది.

ఇప్పుడు దుప్పటి గడ్డం దాకా కప్పుకుని పడుకుని ఉంది. ఇద్దర్నీ చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఏంటమ్మాయ్, ఇద్దరూ అలా పరుగెత్తుకొచ్చారు?"

"ఏం లేదు మామ్మగారూ. మిమ్మల్ని చూద్దామని."

"చూశారుగా. కూర్చోండి మరి కాసేపు."

ఆయా మంచం పక్కన కూలబడింది. బంగారుతల్లికి కాస్త ఆయాసంగా ఉన్నట్టుంది. కాళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. ఆయా ఆ పాదాలు తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. రుద్దుతుంటే రుద్దుతున్న చేతులకే వణుకు తగ్గింది. వంటావిడ నీళ్ళు తెచ్చింది, దిండు సర్దింది. కాసేపటికి బంగారుతల్లి హాయిగా నిద్రపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మోగింది. ఆ తర్వాత ఒక రోజు మానేసి, ఇంకో రోజు మోగింది. ఎప్పుడు మోగినా ఒక్కటే.

వంటావిడకి దొరికిందే సందు. పాలవాడికి చెప్పింది, బట్టలుతికే ఆమెకి చెప్పింది, చెప్పవద్దని మేడమ్ అన్నాక మరింత నెమ్మదిగా, మరింత మందికి చెప్పింది. పంతులమ్మ రాత్రిపూట ఇష్టంగా తినే బిస్కెట్లు తను రెండు దాచుకుందని, వాటికోసమే వస్తోందని ఆమె అనుమానం. ఆ బిస్కెట్లు తీసుకెళ్ళి ఖాళీ మంచం మీద పెట్టి వచ్చింది. సాయంత్రానికి చీమలు పట్టాయి. ఆయా తిట్టుకుంటూ తుడిచింది.

హాల్లో టీవీ ముందు కూర్చునే గార్డు తాతగారు మాత్రం పడీ పడీ నవ్వాడు. రైలు వెనక పెట్టెలో జెండా ఊపి ఊపి రిటైరైన మనిషి.

"మేం బతికుండి నొక్కితే ఒక్కరూ రారు. ఆవిడ చచ్చి నొక్కితే ఇద్దరూ పరుగే పరుగు! ఈ ఇంట్లో మీరు రావాలంటే ముందు మేం పోవాలన్నమాట!"

"ఊరుకోండి తాతగారూ, శుభమా అని" అంది ఆయా. నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు.

ఆయాకి తన ఇంట్లో కూడా అంతే. ఎదురింటి కాలింగ్ బెల్లు మోగితే చేతిలో పళ్ళెం జారవిడిచింది. మొగుడు, బస్సు తోలి తోలి వెన్ను అరగదీసుకుని ఇంట్లో కూర్చున్న మనిషి, చాప మీద నుంచే తలెత్తి చూశాడు.

"ఏంటే, పోలీసులేమైనా వస్తారా మనింటికి?"

"నీ మొహం. పళ్ళెం జారింది."

"నిన్న మూత జారింది. మొన్న చెంబు జారింది. ఆ ముసలాళ్ళని ఎలా పట్టుకుంటున్నావే బాబూ?"

ఆమె పళ్ళెం తీసి బోర్లించింది. చెబుదామని నోరు తెరిచింది కూడా. ఒక్క ముక్క, బెల్లు మోగితే లేవలేదు అన్న ముక్క. అది చెబితే ఇతను ఏమంటాడో కూడా తెలుసు. పోనీలే, నువ్వు లేచి వెళ్ళినా బతికేదా ఏంటి అంటాడు. ఆ మాట ఆమె తనకి తనే వందసార్లు చెప్పుకుంది. బతికేది కాదేమో. కానీ పంతులమ్మ కళ్ళు తలుపు వైపున్నాయి. ఎవరో ఒకరు వస్తారని చూస్తూ పోయింది. ఆ చూపు అన్నం ముద్ద ఎత్తితే ఎదురొస్తోంది, కళ్ళు మూస్తే ఎదురొస్తోంది.

పంతులమ్మ కూతురు సామాను తీసుకెళ్ళడానికి వచ్చింది. ముందు గదిలో మేడమ్ అట్టపెట్టె సిద్ధం చేసి ఉంచింది. కళ్ళజోడు, చిన్న రేడియో, శాలువా, దువ్వెన. కూతురు దువ్వెన చేతిలోకి తీసుకుని, పళ్ళ మధ్య చిక్కుకున్న తెల్లవెంట్రుకని లాగకుండా అలాగే చూస్తూ కూర్చుంది. ఆయా టీ తెచ్చి ఇచ్చి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"మీరే కదండీ అమ్మని చూసుకుంది?"

"అవునమ్మా."

"నిద్రలోనే కదా? బాధపడలేదు కదా?"

"నిద్రలోనేనమ్మా. పసిపిల్ల పడుకున్నట్టు పడుకున్నారు."

"అదే నాకు ఊరట. మీరు లేకపోతే ఏమైపోయేదో. చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నారు" అని కూతురు ఆ చేతిని తన చెంపకి ఆనించుకుంది. ఏడుస్తోంది. ఆయా చెయ్యి తడిసింది. లాక్కోలేకపోయింది, ఉంచలేకపోయింది.

అప్పుడే వంటగది వైపు నుంచి గుర్రుమని మోగింది. ఒక్కటే.

మేడమ్ మొహం ఎర్రబడింది. కూతురికేం తెలుసు పాపం, చెయ్యి వదిలేసి కళ్ళు తుడుచుకుంది.

"ఎవరో పిలుస్తున్నారు. వెళ్ళండి, నాకోసం ఆగొద్దు."

ఆయా వెళ్ళింది. ఈసారి వంటావిడని పిలవలేదు. నడవాలో అడుగు తీసి అడుగు వేస్తుంటే, తనకి తెలియకుండానే, "వస్తున్నానమ్మా, వస్తున్నా" అంటోంది. గది ఖాళీ. మీట ఊగుతోంది. ఆయా మంచం దగ్గరికి కూడా వెళ్ళలేకపోయింది. తలుపుకి ఆనుకుని, "ఏం కావాలి పంతులమ్మగారూ? అడగండి. ఏం కావాలో అడిగితే చేస్తాను కదా" అంది. పక్క గదిలోకి వెళ్ళి బంగారుతల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఈ ఒక్క గదిలోనే ఊపిరి ఆడుతుంది తనకి.

"వచ్చావా అమ్మాయ్" అంది బంగారుతల్లి, చాలా తృప్తిగా.

*

కూతురు వెళ్ళాక మేడమ్ ఇద్దర్నీ నిలబెట్టి దులిపేసింది. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి, దెయ్యాలంటే ఆమెకి ఒళ్ళు మంట.

"తీగలో ఏదో లోపం. తడి తగిలినా మోగుతుంది, ఎలక కొరికినా మోగుతుంది. రేపు సాయంత్రం కరెంటతన్ని రమ్మన్నాను. ఆ గది బెల్లు పీకేయిస్తాను. సోమవారం ఆ గదిలోకి కొత్తావిడ వస్తోంది. ఆవిడొచ్చాక వేరేది పెట్టుకుందాం. అప్పటిదాకా ఈ దెయ్యం కబుర్లు నా చెవిన పడ్డాయో, చూసుకోండి!"

"ఎలకైతే ఒక్కసారే ఎందుకు కొరుకుతుంది మేడమ్?" అని గొణిగింది వంటావిడ.

"ఏంటీ?"

"ఏం లేదు మేడమ్. వంట మాడుతోంది."

వంటావిడకి బెల్లు పీకేస్తారంటే సగం భయం పోయింది. ఆయాకి అలా లేదు. పీకేస్తే మోత ఆగిపోతుంది, నిజమే. కానీ ఆ పిలుపు తనకేనని ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. ఒకసారి పిలిస్తే వెళ్ళలేదు. ఇప్పుడు రోజు విడిచి రోజు పిలుస్తుంటే, వెళ్ళి గుమ్మంలో నిలబడి వెనక్కి వస్తోంది. రేపు తీగ కూడా తెంపేస్తే ఇంక ఆవిడ పిలవడానికి కూడా దారి లేదు. ఈ లెక్క ఎవరికైనా చెబితే నవ్వుతారు. చెప్పకపోతే తనకి పిచ్చెక్కుతుంది. సాయంత్రం ఇంటికి పోతూ పోతూ తీర్మానించుకుంది, రేపు మధ్యాహ్నం ఆ గదిలోనే కూర్చుంటానని. వస్తే రానీ. ఎదురుగా ఉంటాను. ఎప్పుడొస్తే అప్పుడు లేస్తాను.

మర్నాడు భోజనాలు త్వరత్వరగా కానిచ్చింది. గార్డు తాతగారి మూతి తుడిచి, పళ్ళసెట్టు కడిగి నీళ్ళలో వేసింది. పక్క మార్చాల్సిన వాళ్ళకి మార్చింది. మడమల కింద దూది మెత్తలు సర్దింది. బంగారుతల్లికి నీళ్ళ సీసా దగ్గరగా పెట్టి, దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసింది. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళకుండా పంతులమ్మ గదిలోకి వెళ్ళింది. తలుపు వెనక మూల ఒక కుర్చీ ఉంది. పంతులమ్మ కూతురు వచ్చినప్పుడు కూర్చునే కుర్చీ. దాంట్లో కూర్చుంది.

ఇల్లు సద్దుమణిగింది. ఎక్కడో ఎవరిదో గురక. పైపులో నీళ్ళు జారిన చప్పుడు. కిటికీ అవతల వీధిలో సైకిలు ఒకటి పోయింది. ఉత్త మంచం ఎదురుగా కూర్చుంటే, ఆమెకి ఆ మంచం మీద చేసిన పనులన్నీ గుర్తొచ్చాయి. పంతులమ్మ గోళ్ళు కత్తిరించడం, కత్తిరించిన ప్రతి గోరూ ఆవిడ సరిచూసుకోవడం. ఒకసారి ఆయా మనవడికి ఎక్కాలు రావని తెలిసి, ఆ పిల్లాణ్ణి తీసుకురా నేను చూస్తానని ఒంటికాలి మీద లేచింది. తీసుకురాలేదు. తీరిక ఏదీ.

"వచ్చాను పంతులమ్మగారూ" అంది ఆయా మెల్లగా. "కూర్చునే ఉన్నాను."

అప్పుడు తలుపు చప్పుడైంది. గది తలుపు కాదు. రెండు గదులకీ మధ్యలో ఒకటే బాత్‌రూము ఉంటుంది, అటొక తలుపు, ఇటొక తలుపు. పెద్దవాళ్ళు లోపల పడిపోతే కష్టమని దేనికీ గడియ ఉండదు. ఇటువైపు తలుపు కొంచెం కొంచెంగా తెరుచుకుంటోంది. ఆయా కుర్చీ అంచులు పట్టుకుంది.

తెల్లటి చెయ్యి ఒకటి తలుపు అంచు పట్టుకుంది. తర్వాత తల. తర్వాత భుజం.

బంగారుతల్లి.

ఒట్టి కాళ్ళతో వచ్చింది. గోడ పట్టుకుని, అతికిన కాలు ఈడ్చుకుంటూ, ఒక్కో అడుగుకీ పెదవి కొరుక్కుంటూ వచ్చింది. మంచం చువ్వ అందుకుని, కాసేపు దాని మీద వాలి ఊపిరి తీసుకుంది. అప్పుడు మీట పట్టుకుని నొక్కింది. వంటగది వైపు గుర్రుమంది. వంటావిడ "అమ్మో!" అని అరవడం, ఏదో గిన్నె దొర్లడం ఇక్కడికే వినిపించింది. ఆ చప్పుడు వినగానే బంగారుతల్లి మొహంలో చిన్నపిల్లకొచ్చే నవ్వు వచ్చింది. మీట వదిలేసి వెనక్కి తిరిగింది. మూల కుర్చీలో ఆయా.

ఇద్దరిలో ఎవరు ఎక్కువ హడలిపోయారో చెప్పడం కష్టం. బంగారుతల్లి కాలు మడతపడింది. ఆయా ఒక్క ఉదుటున లేచి నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుంది.

"మామ్మగారూ! మీరా! మీరేనా ఇన్నాళ్ళూ?"

"కోప్పడకమ్మాయ్" అంది బంగారుతల్లి. ఆయా భుజం గట్టిగా పట్టుకుంది. "మేడమ్‌కి చెప్పకు. ఇంకెప్పుడూ నొక్కను."

ఆయా ఆమెను ఎత్తినంత పని చేసి పక్క గదికి తీసుకెళ్ళింది. మంచం మీద కూర్చోబెట్టి, ఆ చల్లటి పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. భయం పోయిన చోట కోపం వచ్చింది.

"పడిపోతే ఏమయ్యేది? ఉన్న తుంటి కూడా పోయేది! ఏం కావాలి మీకు? నీళ్ళు కావాలా? బాత్‌రూముకి వెళ్ళాలా?"

"ఏమీ అక్కర్లేదు."

"మరి?"

బంగారుతల్లి దుప్పటి అంచు మడతలు పెట్టింది.

"వస్తారో రారో చూద్దామని" అంది చివరికి. "అటు నొక్కితే వస్తున్నారు. మొదటిసారి ఎందుకు నొక్కానో నాకే తెలీదు. ఆవిడ మంచం చూద్దామని వెళ్ళాను, మీట కనిపించింది, నొక్కాను. భయపడి వచ్చేశాను. చూస్తే ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. నా దగ్గర కూడా కూర్చున్నారు. నాకు ఆ రోజు నిద్ర పట్టింది."

"మీ మంచానికి మీట ఉందిగా మామ్మగారూ! అది నొక్కితే రామా?"

బంగారుతల్లి తలెత్తి ఆయా మొహంలోకి చూసింది. ఆ అడగడం నిజమా, ఎగతాళా అని చూస్తున్నట్టు.

"నొక్కుతూనే ఉంటానుగా" అంది.

"ఏంటి?"

"వచ్చినప్పట్నుంచీ. మొదట్లో రోజూ నొక్కేదాన్ని. రాత్రి పక్క తడిసి, తెల్లారేదాకా నొక్కిన రోజులున్నాయి. ఒక్కరూ రాలేదు. మర్నాడు హాల్లో నువ్వు నా భుజాల మీద చేతులేసి, ఈవిడ ఒక్కసారి కూడా బెల్లు కొట్టదు, చూసి నేర్చుకోండి అన్నావు. నవ్వుతూనే అన్నావు. నాకర్థమైంది. ఎంత నొక్కినా రాము, ఊరికే పడి ఉండు అని మర్యాదగా చెబుతున్నావని. అందరి ముందూ మళ్ళీ మళ్ళీ అనేదానివి. సిగ్గేసి చచ్చిపోయేదాన్ని. తర్వాత తర్వాత తగ్గించాను."

ఆయా ఆ పాదాలు దుప్పటి కింద పెట్టింది. లేచి మంచం తలవైపు వెళ్ళి, మీట అందుకుని నొక్కింది. ఏ చప్పుడూ లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. గుమ్మంలోకి గరిటెతో వచ్చి నిలబడిన వంటావిడని, "పో, వెళ్ళి బోర్డు చూడు" అని తరిమి, నొక్కిపట్టి ఉంచింది. "ఏ దీపమూ వెలగలేదక్కా" అని వంటగదిలోంచి కేక వచ్చింది.

మోకాళ్ళ మీద వంగి మంచం కింద చూసింది. మీట తీగ మంచం కాలి కింద నలిగి, గోడ దగ్గర ఊడి వేలాడుతోంది. ఆ మంచం అక్కడికి జరిపింది తనే. ఆమె వచ్చిన మొదటి రోజున, పాపం కొత్త మనిషి, వీధి కనిపిస్తే పొద్దుపోతుందని, కిటికీ దగ్గరికి లాగింది. ఒక్కతే లాగింది. బరువని తిట్టుకుంటూ లాగింది.

"మామ్మగారూ!" ఆయా మంచం కింద నుంచే అరిచింది. "మీ బెల్లు పోయింది! తీగ తెగి ఉంది! మాకు వినపడలేదు. ఒట్టు, ఒక్కసారి కూడా వినపడలేదు!"

"నిజంగా?"

"నా బిడ్డల మీద ఒట్టు!"

బంగారుతల్లి మొహం ఎలా విప్పారిందో చూసి తీరాలి. రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. "అయ్యో, అయ్యో! నేనెంత పాపిష్టిదాన్నమ్మా! మిమ్మల్ని ఎన్నెన్ని మాటలనుకున్నాను మనసులో! రాతి గుండెలనుకున్నాను. వినపడలేదా! అంతేనా!" అని నవ్వుతూనే ఏడ్చింది. ఆయా కూడా ఏడ్చింది. పైకి లేచి ఆమె పక్కన కూర్చుని, పమిట అందక దుప్పటితోనే ఇద్దరి మొహాలూ తుడిచింది. ఇన్నాళ్ళ బరువు దిగిపోయినట్టే అనిపించింది. పిలిచింది పంతులమ్మ కాదు. ఈ పిచ్చితల్లి.

"ఆ రోజు కూడా నొక్కానమ్మాయ్" అంది బంగారుతల్లి, కళ్ళు తుడుచుకుంటూ. "పంతులమ్మ పోయిన రోజు. ఆవిడ ఒకటి కొట్టింది. తర్వాత గోడకేదో తగిలింది. మూలుగుతోంది, నాకు గోడలోంచి వినిపిస్తోంది. లేద్దామంటే భయంతో కాలు రాలేదు. అందుకని నేను నొక్కాను. నొక్కాను, నొక్కాను, వేలు తిమ్మిరెక్కిపోయింది. ఎవరూ రాలేదు. మూలుగు ఆగిపోయాక కూడా నొక్కాను."

ఆగింది.

"నాది వినపడలేదు, సరే. ఆవిడది?"

ఆయా చేతిలో దుప్పటి అంచు అలాగే ఉండిపోయింది. ఆవిడదీ వినపడలేదనొచ్చు. ఆ ఒక్కసారి ఏమైందో మామ్మగారూ, మోగలేదు అంటే సరిపోతుంది. ఈమె నమ్ముతుంది. నమ్మాలనే చూస్తోంది, ఆ కళ్ళలో ఇంకా తడి ఆరలేదు. కూతురికి చెప్పిన నోటికి ఇది ఎంత పని.

"వినపడింది" అంది.

"వినపడిందా?"

"వంటగదిలో కూర్చుని ఉన్నాను. టీ తాగుతున్నాను. మొదటి బెల్లుకి లేవం మామ్మగారూ, రెండోది కొడితే లేస్తాం. రెండోది కొడుతుందేమోనని చూశాను. కొట్టలేదు."

"నిద్రలో పోయిందన్నారుగా అందరూ?"

"నేనే చెప్పాను అలాగని."

బంగారుతల్లి ఆయా ఒళ్ళో ఉన్న తన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. కిటికీలోంచి వీధి వైపు చూసింది. వీధిలో ఎవరూ లేరు. ఆయా కూర్చోలేకపోయింది. లేచింది, మంచం కాలి కింద నుంచి తీగ లాగింది, అట్టే తెగలేదని చూసింది, గోడ దగ్గర పెట్టి చూసింది, గబగబా మాట్లాడింది.

"సాయంత్రం కరెంటతను వస్తాడు మామ్మగారూ. ముందు మీదే బాగు చేయిస్తాను. దగ్గరుండి చేయిస్తాను. మంచి గట్టి మోతది పెట్టిస్తాను. ఇంక మీరు ఒక్కసారి నొక్కండి చాలు, ఒక్కసారికే..."

"వద్దులే తల్లీ" అంది బంగారుతల్లి. కోపంగా అనలేదు. చెయ్యి చాచి, ఆయా పట్టుకున్న తీగని ఆమె వేళ్ళలోంచి మెల్లగా విడిపించి, మళ్ళీ మంచం కిందికి జారవిడిచింది. "నాది ఇలాగే ఉండనీ. ఇలా ఉంటే, ఎవరూ రానప్పుడు వినపడలేదులే అనుకుంటాను."